వెల్లుల్లి వెయ్యని పండగ

సెప్టెంబర్ 26, 2023

ఆయన ఫోను ఇంకా స్విచాఫే. ఈ గల్ఫులో ఖోర్ ఫక్కాన్ రేవు నుంచి చేపల వేటకెళ్ళిన లాంచీ రాలేదు. ముదీర్‌కి, అదే లాంచీ మేనేజరుకి, ఫోన్ చేస్తే, "సముద్రం కదా, ఆలస్యమవుతుంది" అని హిందీలో పాఠం చెప్పాడు. ఉప్పాడలో పుట్టినదానికి!

సెప్టెంబర్ 28

రేపు కొరియావాళ్ళ పంటల పండగ. నేను పనిచేసే మేడమ్ ఇంట్లో పొద్దున్నుంచీ వంటే వంట. కొత్త బియ్యప్పిండితో అర్ధచంద్రం కుడుములు, లోపల నువ్వులూ తేనే. పైన్ ఆకులు పరిచి ఆవిరి పట్టాలి. మొన్న చవితికి నేను చేసుకున్నవాటికి అక్కాచెల్లెళ్ళే. వాసనే వేరు — అడవి వాసన.

చేమదుంపల చారులోకి వెల్లుల్లి ఒలవబోయాను. మేడమ్ అత్తగారు నా చెయ్యి పట్టేసుకుంది. వెల్లుల్లి వద్దు, కారం వద్దు. పీచ్ పండైతే గుమ్మంలోకే రాకూడదట.

వెల్లుల్లి కారం లేకపోతే మా ఆయన కంచం విసిరేస్తాడని చెప్పాను. మేడమ్ నవ్వలేదు. "ఆ ఘాటుంటే వాళ్ళు గడప దాటలేరు" అంది.

"ఎవరు మేడమ్?"

"పోయినవాళ్ళు. పంటలో మొదటి ముద్ద వాళ్ళదే."

అక్కడైతే ఊరూరా సమాధుల మీద గడ్డి కోసి వస్తారట. ఎప్పుడో రాజుల కాలంలో ఆడవాళ్ళు జట్లు కట్టి నేత పోటీ పెట్టుకునేవారట, ఓడినవాళ్ళు విందు చెయ్యాలి. ఆ విందే ఇదట.

మనకీ ఈ పున్నమి దాటితే పెద్దల రోజులే. వాళ్ళదీ మనదీ ఒకే చంద్రుడు.

సెప్టెంబర్ 29

ఎంత పనైపోయింది.

వేటకెళ్ళిన మగాడికి ముద్ద తీసి పెట్టందే మా పేటలో ఏ ఆడదీ తినదు. అలవాటు కొద్దీ ఒక గిన్నెలో అన్నం, ఒక కుడుము తీసి పొయ్యి వెనక పెట్టాను. చేతులు కడుక్కుని వచ్చేసరికి గిన్నె లేదు. ముసలామె తన గిన్నెల్లో ఒకటనుకుని పోయినవాళ్ళకి వడ్డించే బల్ల మీద పెట్టేసింది. అన్నంలో చెంచా గుచ్చి మరీ.

అప్పటికే అందరూ సాష్టాంగపడుతున్నారు. పోయినవాళ్ళు రావడానికి వీధి తలుపు బార్లా తీసి ఉంది. ఇప్పుడా గిన్నె ఎలా తియ్యను?

లేచి చూస్తే చెంచాలన్నీ కుడికి వాలి ఉన్నాయి. ఆ ఒక్కటీ ఎడమకి.

ఆయనది ఎడమచేతి వాటం.

సెప్టెంబర్ 30

బతికున్న మనిషిని నేనే పోయినవాళ్ళ పంక్తిలో కూర్చోబెట్టానా? భయమేస్తోంది. ఎవరికి చెప్పుకోను.

అక్టోబర్ 4

ఫోన్! ఆయనే! "ఒసే లచ్చిమీ, ఇంజన్ చెడి ఆగిపోయామే. ఇయ్యాలే దిగాం. సుక్కురారం అజ్మాన్ నీ కాడికి వచ్చేత్తా."

భోరుమన్నాను. ఇన్నాళ్ళూ ఏం తిన్నావయ్యా అంటే —

"నువ్వెట్టిందే. ఆ కుడుము ఏటే, అడివి వోసన?"

కుడుముల సంగతి నేను చెప్పలేదు.

అక్టోబర్ 5

ముదీర్‌కి ఫోన్ చేశాను. లాంచీ రాలేదట. "వేరే రేవులో దిగారేమో, నాకు కబురు లేదు."

మనసు ఆగటం లేదు. రేపు చేపల పులుసు పెడతాను. వెల్లుల్లి, పచ్చికారం, కళ్ళు మండేలా. తింటే మా ఆయనే. ఖలాస్.

అక్టోబర్ 6, శుక్రవారం

మధ్యాహ్నం. గదిలో నేనొక్కదాన్నే. రాస్తుంటేనే కాస్త నిలకడగా ఉంది.

తలుపు తీసే ఉంది. వచ్చాడు. గడప అవతలే నిలబడ్డాడు. అదే నవ్వు, అదే చొక్కా. ఎంత చిక్కిపోయాడో పాపం. ఇంత ఎండలో వచ్చాడా, చెమట చుక్క లేదు.

"రావయ్యా లోపలికి."

"ముందా పులుసు దింపెయ్యవే. ఘాటు."

వేట నుంచి వచ్చాడు, నీరసమేమో... సముద్రం మీద నోరు పూసిందేమో. మనుషులకి అలాంటివి ఉంటాయి కదా.

"ఆకలేత్తందే లచ్చిమీ" అంటున్నాడు. ఎడమచేత్తో గుమ్మం పట్టుకుని.

పులుసు ఇంకా పొయ్యి మీదే ఉంది. దింపితే వచ్చేస్తాడు.

మసిగుడ్డ చేతిలోకి తీసుకున్నాను.