యాదగిరి కొట్టిన దెబ్బ

సూర్యాపేట, 1949. శనివారం రాత్రి.

ఇవాళ్టి నాటకం నా వల్లే చెడిందని బడి పెద్దసారు అందరి ముందూ అన్నాడు. ఆ మనిషి మొహం మళ్లీ చూడాలని లేదు. రెండేళ్లు బెజవాడలో నాటకం నేర్చుకొచ్చిన నాకు, ఏనాడూ మొహానికి రంగు వేసుకోని ఆయన పాఠం చెబుతాడా?

తప్పంతా యాదగిరిది. మా పిల్లల నాటక జట్టులో వాడిది దొర వేషం, లింగయ్యది ఆ దొర చేతిలో దెబ్బలు తినే పాలేరు వేషం. చెంపకు తగలకుండా చేయి ఎలా విసరాలో వాడికి పది రోజులు నేర్పాను. కోదాడ ఆటలో బాగానే చేశాడు. ఇవాళ మాత్రం లింగయ్య చెవి మెలిపెట్టి, దగ్గరకు లాక్కుని, నిజంగానే కొట్టాడు. పిల్లవాడి పెదవి చిట్లింది. జనం చప్పట్లు కొడుతుంటే నేను తెర దించేశాను.

"పిలగాని నోట్లె నెత్తురొస్తున్నది. గిదేనా మీరు నేర్చుకొచ్చిన నాటకం?" అని పెద్దసారు అరిచాడు.

యాదగిరిని తెర వెనక్కి ఈడ్చుకుపోయాను. "నేను గిట్ల నేర్పిన్నారా? ఏడ నేర్చుకున్నవ్?"

వాడు బెదరలేదు. "మీ దగ్గర్నే సార్. నేను మాటలు మర్సిపోతే మీరు గిట్లనే కొడ్తరు గద."

నాకు ఒళ్లు మండిపోయింది. సోమవారం మిర్యాలగూడ ఆటలో వాడికి వేషం లేదని చెప్పేశాను. వాడు తలపాగా విప్పి నా చేతిలో పెట్టి, "మంచిదే సార్" అన్నాడు. ఏడ్చినా బాగుండేది.

రేపటికల్లా ఇంకో పిల్లవాణ్ని వెతకాలి. ఎవడు దొరికినా నేర్పవలసింది మళ్లీ నేనే...