అమ్మ కోసిన ఆపిల్స్

అమ్మా, తమ్ముడి వీఆర్ కళ్ళజోడు బీరువాలో పెట్టి తాళం వేసుకెళ్తున్నాను. వెతక్కు, సాయంత్రం నేనొచ్చి తీస్తాను.

పొద్దున ఫిజియో మేడం ఫోన్ చేసి ఒకటే పొగడ్తలు. వెన్నుపూస దెబ్బతిన్న ఆర్నెల్లకే మీ తమ్ముడు ఆ కళ్ళజోడులో చేతి వ్యాయామానికి పెట్టిన ఆపిల్ చెట్టు ఆటలో కుడిచేత్తో ఎనభై ఆపిల్స్ కోశాడండీ అంది. అదీ మధ్యాహ్నం రెండింటికట, వాడు గుర్రుపెట్టే వేళకి! మంచినీళ్ళ గ్లాసు ఎత్తలేనివాడు ఎనభై ఎలా కోస్తాడమ్మా? నువ్వే కదూ కోసింది? స్కోరు తగ్గితే వాడు డీలా పడతాడని నీ ఆరాటం. ఆవిడేమో అది నమ్మి మొన్నే ఆటలో కొమ్మలన్నీ పైకి జరిపేసిందట. నిన్న వాడికి ఒక్కటీ అందలేదు. చెయ్యి ఇంకా పడిపోయిందనుకుని అప్పట్నుంచి దాన్ని కదపడమే మానేశాడు.

కొమ్మలు దించమని ఆవిడకి చెప్పాను. నీ నిర్వాకం మాత్రం వాడికి నువ్వే చెప్పు, ఈ పూటే చెప్పు. నీకు దణ్ణం పెడతాను, ఇకనుంచి వాడి ఆపిల్స్ వాణ్ణే కోసుకోనీ. మూడైతే మూడే.

అన్నట్టు, వారం నుంచి కుడి భుజం పీకుతోందని నువ్వంటే ఎందుకో అనుకున్నాను. నొప్పి మందు ట్యూబు టీవీ పక్కన పెట్టాను. వాడి కుడిచేత్తోనే రాయించుకో. ఎంతసేపు పట్టినా సరే, ట్యూబు లాక్కోకు.