నలభయ్యో సీసా

నవంబరు 7, శుక్రవారం

ఈరోజు ఒక తప్పు చేశాను. పెద్దదేమీ కాదు. కానీ ఎవరికీ చెప్పుకునేది కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

గుంటూరు నుంచి హరిచందన మేడమ్ వచ్చింది. రీసెర్చ్. నలభై అయిదు దాటిన ఆడవాళ్ల మూత్రం నలభై సీసాలు కావాలట. అందులో బంగారపు నానో రేణువులు కలుపుతారట, కంటికి కనబడనంత చిన్నవి. ఒంట్లో ఎక్కడైనా క్యాన్సర్ మొదలవుతుంటే, మనిషికి తెలియకముందే రంగు మారి చెబుతాయట.

ఈ పల్లెకు ఆశా వర్కర్‌ని నేనే. సీసాలు పంచడం, పేర్లు రాయడం, పోగుచేయడం నా పని. ముప్పై తొమ్మిది వచ్చాయి. నలభయ్యోది మా అత్తమ్మ మగ్దలీనమ్మది. శుక్రవారం ఆమెకు ఉపవాస ప్రార్థన. చర్చికి పోయేదాన్ని ఆ సీసా ముట్టుకోమంటావా మణీ, ఇంకో దినం చూద్దాంలే అంది. పైగా దాని మీద నా పేరు రాసి ఊరూరూ తిప్పుతారా, ఇదేం చోద్యం అంది.

జీపు పదింటికి కదలాలి. మేడమ్ వాచీ చూసుకుంటోంది. ఊరందరికీ నచ్చజెప్పి ఇంట్లో అత్తను ఒప్పించలేకపోయానంటే పరువేం కావాలి. దొడ్లోకి వెళ్లి నేనే నింపి ఇచ్చేశాను. నాకు నలభై ఒకటి. ఎవరిదైతే ఏముందిలే అనుకున్నాను.

నవంబరు 8

అత్తమ్మ అడగలేదు. నేనూ చెప్పలేదు.

నవంబరు 19, బుధవారం, మధ్యాహ్నం

మేడమ్ ఫోన్ చేసింది. ముప్పై తొమ్మిది సీసాలు క్లియర్. ఒక్కదాంట్లో రంగు మారింది. మూత్రాశయం దగ్గర అనుమానమట. క్యాన్సరే అని కాదు, కానీ వెంటనే ఒంగోల్లో చూపించండి, తొందరగా దొరికితే నయం చేయొచ్చు అంది. పేరు మగ్దలీనమ్మ, మీ అత్తగారేగా, ధైర్యంగా ఉండండి అంది.

సరే మేడమ్ అన్నాను.

అదే రోజు, సాయంత్రం

మా ఆయన నతానియేలు మార్కాపురం పలకల ఫ్యాక్టరీ నుంచి రాగానే చెప్పేద్దామనుకున్నాను. అప్పటికే మేడమ్ ఆయనకూ ఫోన్ చేసింది. వచ్చీ రాగానే వాళ్లమ్మ కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాడు. నేను సీసా ఇయ్యలేదే అని అత్తమ్మ అంటే, భయంతో మరిచిపోయావమ్మా అన్నాడు; నేను మంచినీళ్లకని లోపలికి పోయాను.

చెప్పనంతసేపూ అది అత్తమ్మ జబ్బు. చెప్పిన నిమిషం నాది. ఇంత నీచంగా ఆలోచించగలనని నాకే తెలియదు.

నవంబరు 21, శుక్రవారం

అత్తమ్మ కోసం చర్చి అంతా ఉపవాసం. జోసెఫ్ పాస్టరుగారు ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. అందరికంటే ఎక్కువ ఏడ్చింది నేనే. ఎంత మంచి కోడలో అనుకున్నారట.

నవంబరు 23

దొడ్లోకి పోయిన ప్రతిసారీ రంగు చూసుకుంటున్నాను. మామూలే. మంట లేదు, నొప్పి లేదు. మొదట్లో ఏమీ తెలియదని పల్లెంతా తిరిగి చెప్పింది నేనే.

నవంబరు 25, మంగళవారం

ఒంగోలు. స్కాన్ చేశారు. కెమెరా పెట్టి కూడా చూశారు. అత్తమ్మకు ఏమీ లేదు.

మా ఆయన కారిడార్లోనే మోకరించాడు. పాస్టరుగారికి ఫోన్ చేస్తే, దేవుడు తీసేసినాడు నాయనా, ఆదివారం చర్చిలో అందరి ముందు అమ్మ సాక్ష్యం చెప్పాల అన్నారట. మేడమ్ మాత్రం కిట్ తప్పు చూపించినట్టుంది, అలాగే రాసుకుంటాం అంది. రాసుకుంటే అయిపోయింది. ఇక ఆ జబ్బు నాదని నన్ను వెతుక్కుంటూ ఎవరూ రారు.

నవంబరు 29, శనివారం

భయం తట్టుకోలేక అత్తమ్మకు చెప్పేశాను. గోంగూర గిల్లుతోంది. చెయ్యి ఆపలేదు. ఇంకా ఎవురికి తెలుసు అంది. నీకే అన్నాను. చేతిలో కట్ట అయిపోయాక, రేపు సాక్ష్యం కానీ, ఆ తర్వాత నిన్ను ఒంగోలు తీసుకపోతా అంది.

ఒళ్లు మండిపోయింది. చీర ఇస్త్రీకి ఇచ్చుకుంది మరి. నాకు ప్రాణం మీదికొస్తే ఈమెకు చప్పట్లు కావాలి.

నవంబరు 30, ఆదివారం

అత్తమ్మ మైకు తీసుకుంది. అందరూ హల్లెలూయకు సిద్ధంగా ఉన్నారు. నాకు ఏ జబ్బూ రాలేదు, ఆ సీసా నాది కాదు, నా కోడలిది అంది. ఉపవాసమని గొప్పకు పోయి నేను ఇయ్యలేదు, పరువుకు పోయి ఆమె నింపింది, ఇద్దరిదీ తప్పే అంది. మీరు నాకు చేసిన ప్రార్థన అట్లనే ఉంది, నేను వాడుకోలేదు, దాన్ని యేసుమణికియ్యండి అంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మా ఆయన నన్ను చూసిన చూపు రాయలేను.

డిసెంబరు 2, మంగళవారం, 11:20

స్కాన్ గది బయట. నా పేరు రెండుసార్లు పిలిచారు. మొదటిసారి ఇది రాస్తూనే కూచున్నాను. రెండోసారి అత్తమ్మే పలికింది, వస్తున్నాం అని. పెన్ను మూయమంటోంది.