తెడ్డు పట్టిన చేతులు

బాపూ,

నువ్వు చదవవని తెలిసినా రాస్తున్నాను. మనసంతా పరేషాన్‌గా ఉంది.

ఇవాళ నీ ఏడాది మాసికం. నీకిష్టమైన చేపల కూరతో పాటు ఆ పాత తెడ్డును కూడా నీ ఫోటో ముందు పెట్టాను. ప్రాణహిత వరదలో పడవను ఒడ్డుకు చేర్చిన తెడ్డు కదా. ఎన్నిసార్లు చెప్పావు: "నా చేతులు, తెడ్డు, నీళ్లు. ఇగ వేరే ఏం కనబడలే బిడ్డా."

నీ మనవరాలు ఫోన్లో ఆడే ఆట కూడా అంతే. తెర మీద ఆడేవాళ్ల చేతులే కనిపిస్తాయి, ముఖం ఉండదు. నీ కథ చెబితే, "అప్పుడు తాత ముఖం ఎట్లుండె?" అని అడిగింది. నాకేం తెలుసు? నది అవతలి బామ్ని ఊరి నుంచి భోజనానికొచ్చిన నీ దోస్తు రాజం కాకను అడగమన్నాను.

కాక తెడ్డు మీద చెయ్యి వేశాడు.

"పడవల ఉన్నది నేను బిడ్డా. మీ తాత ఒడ్డు మీద ఉండె. నాకు కథ చెప్పుడు రాదని, నా కథ ఆయన తనదే అన్నట్టు చెప్పేటోడు. నేను గూడ కూసోని వినేటోన్ని."

తెడ్డు ఆయనదే కదా అని, తీసుకోమంటే వద్దన్నాడు.

"ముఖం అంటవా? ఒడ్డుకు చేరేదాక నేను చూసింది మీ తాత ముఖమే. చిన్నపిల్లగాని లెక్క ఏడ్సిండు."

నువ్వు చెప్పింది అబద్ధమా, దోస్తు తరఫున చెప్పిన నిజమా, నాకు అర్థం కావడం లేదు. కాక కళ్లతోనే చెప్పావు కదా, మరి ఆయన చూసిన నీ ముఖాన్ని మాత్రం కథలోంచి ఎందుకు తీసేశావు బాపూ?