పెద్దమ్మ కాళ్లకు వినబడిన బేస్

ఆదివారం, అరకు

చర్చిలో వాయించే బేస్ గిటార్‌ను ఈ నెల అమ్మేద్దామనుకున్నాను. ఇక అమ్మను గాక అమ్మను!

కాఫీ తోటలు చూడటానికి వచ్చిన డెన్మార్క్ పెద్దాయన యాభై ఏళ్లు జాజ్ బ్యాండ్లలో వెనక నిలబడి బేస్ వాయించారట. ఎన్ని దేశాలు తిరిగినా జనం గుర్తుపెట్టుకున్నది ముందు నిలబడి పాడినవాళ్లనేనట. వేళ్లు వంకర్లు పోయి ఇప్పుడు మానేశారు.

"నాదీ ఎవరికీ వినబడదండీ" అన్నాను.

"మధ్యలో ఒకసారి ఆపి చూడు" అన్నారు నవ్వుతూ.

ఇవాళ కోత పండుగ. ఆరాధన అయ్యాక మా బ్యాండ్ వాయిస్తుంటే ఆడవాళ్లు ఒకరి నడుమొకరు పట్టుకుని థింసా ఆడారు. వరుసకు ముందు మా పెద్దమ్మ. నా నాలుగు తీగలూ దండగని రోజూ సాధించే మనిషి. పెద్దాయన మాట గుర్తొచ్చి, భయపడుతూనే తీగల మీంచి చేయి తీసేశాను. డప్పూ పాటా సాగుతూనే ఉన్నాయి, వరుస మాత్రం తడబడి ఒకరి కాలు ఒకరు తొక్కుకున్నారు.

"ఏటే గుంటా, ఆపీసినావేటి? మా కాళ్లు ఆడ్డం నేదు. బేగి వాయించు!" అని పెద్దమ్మ అరిచింది.

వాయించాను. పక్కన నిలబడి చూస్తున్న పెద్దాయన్నీ పెద్దమ్మ వరుసలోకి లాగేసింది. రేపు వెళ్లిపోతారంటే దిగులుగానే ఉంది...

యాభై ఏళ్లు జనాన్ని ఆడించిన మనిషి, ఇంకొకరి బేస్‌కి ఆడటం ఇదే మొదటిసారట. మొదటి అడుగే తప్పేశారు.