రుక్కమ్మ గడప ముందు నాన్న చెంబు

హోసూరు,
పెరటాసి నెల.

అన్నకు నీ చెల్లెలు భారతి దండాలు పెట్టి రాసేది. ఇక్కడ నేనూ, మీ బావా బాగున్నాం. వదినకు మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మ మందులు మానకుండా వేసుకుంటోందా?

ఇక్కడ ఒకటే తుంపర. ఆరేసిన చీర మరునాటికి కూడా ఆరదు. మీ బావకు ఫ్యాక్టరీలో శనివారం కూడా డ్యూటీనే. వేళకు తింటున్నాం, బెంగపడవద్దు. పగలంతా మాట్లాడే మనిషి లేకపోవడమే కష్టంగా ఉంది.

ఉన్న ఒక్క మనిషి, పక్కింటి రుక్కమ్మతో నేనే మాటలు పోగొట్టుకున్నాను. వాళ్ళు తాతముత్తాతల నాటి నుంచి ఇక్కడి తెలుగువాళ్ళే. నీళ్ళ మోటారు దగ్గర ఎవరి బిందె ముందు అని గొడవ వచ్చింది. "నిన్న వచ్చినోళ్ళు, ఈడ మాకే చెప్తారా?" అంది. ఆ మాట బాగా గుచ్చుకుంది. "ఊరేమన్నా నీ పేరున రాసిచ్చినారా?" అని నేనూ అన్నాను. నాకు నాన్న నోరే వచ్చిందని నీకు తెలుసు కదా. అప్పటి నుంచి ఆమె ముగ్గు వేస్తుంటే నేను లోపలికి పోతాను, నేను బయటికొస్తే ఆమె పోతుంది.

ఇంతలో వెంకన్నకు మొక్కే పెరటాసి శనివారం వచ్చింది. ఇంట్లో బస్తాల కొద్దీ ఉన్నా, స్వామికి తళిగ నైవేద్యం పెట్టాలంటే ఆ బియ్యం వీధిలో అడుక్కొని తేవాల్సిందే కదా. మీ బావ డ్యూటీకి పోయారు. నాన్న ఇత్తడి చెంబుకు నామం పెట్టి నేనే బయలుదేరాను. ఆడదానివి నీకెందుకని నవ్వుతావు, నవ్వుకో.

"చెంబు పట్టినాక ఏ ఇల్లూ దాటి పోకూడదమ్మా. మనకు పడనోళ్ళ గడప ముందు తప్పకుండా నిలబడాల" అనేవాడు నాన్న. ఆయనకు వాళ్ళ తాత చెప్పాడట, ఆ తాతకు ఎవరు చెప్పారో. నిజం చెప్తున్నాను అన్నా, రుక్కమ్మ ఇల్లు దాటేద్దామనే అనుకున్నాను. అడిగేవాళ్ళెవరు? కాళ్ళే కదలలేదు. "గోవిందా" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

రుక్కమ్మ వచ్చి, నన్ను చూసి, వెనక్కి తిరిగి లోపలికి పోయింది. నీళ్ళ చప్పుడు వినిపించింది. అంట్లు తోముకోవడానికి పోయిందనుకొని సిగ్గుతో చచ్చిపోయాను. తిరిగి వచ్చేసరికి కాళ్ళూ చేతులూ కడుక్కొని, చేటలో బియ్యం తెచ్చింది. చెంబు నిండా పోసి, వంగి నా కాళ్ళకు మొక్కింది. అమ్మ వయసు మనిషి. నేను వెనక్కి జరిగాను.

"నాకెందుకమ్మా మొక్కేది?"

"నీకెవరు మొక్కినారు? గోవిందునికి మొక్కినాను. కదలకుండా నిలబడు."

నాకు ఏడుపు ఆగలేదు. తళిగకు రమ్మని పిలిచాను. వచ్చింది. పులిహోరలో ఉప్పు తక్కువని చెప్పి, మళ్ళీ అడిగి పెట్టించుకుంది.

నామానికి తిరుమణి అయిపోయింది, ఎవరైనా ఇటు వస్తే పంపించు. వీలైతే కాసిని ఉలవలు కూడా.

అమ్మకు, వదినకు నా దండాలు. ఇదంతా నాన్న పటం ముందు కూర్చొని గట్టిగా చదువు, ఆయన కూడా విననీ. మమ్మల్ని చల్లగా ఉండమని దీవించు.

అన్నట్టు, నిన్న మోటారు దగ్గర రుక్కమ్మతో మళ్ళీ గొడవ వచ్చింది. వీధంతా వినేట్టు అరిచింది: "మన వీధిదానివై ఉండి ఇట్ల చేస్తావా భారతీ?"

బిందె అక్కడే దించి, ఆమెనే ముందు పట్టుకోమన్నాను.

నీ చెల్లెలు,
భారతి