చేతులకు నాలుగు మార్కులు

హంటింగ్‌బర్గ్, ఇండియానా
మార్చి 27, మంగళవారం

చిరంజీవి క్లెమ్‌కు,

అమ్మ దీవించి రాసేది. ఇక్కడ మీ నాన్న ఎడమ మోకాలు తప్ప మిగతా అందరం కులాసా. ఆ మోకాలు కూడా వానకు ముందు రోజు మాత్రమే మొరాయిస్తోంది కాబట్టి దాన్నీ కులాసా కిందే జమ వేసుకో. నెబ్రాస్కా గాలికి పెదవులు పగిలి మండుతున్నాయని రాశావు. మైనం డబ్బీ ఒకటి విడిగా పంపుతున్నాను, సిగ్గుపడకుండా రాసుకో. ఆరడుగుల పది అంగుళాల మనిషికి కూడా పెదవులు పెదవులే.

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావేమో. ఫోన్‌లో మనిద్దరం మూడో నిమిషానికి గొంతు పెంచుతాం, నాలుగో నిమిషానికి నువ్వు "సర్లేమ్మా" అని పెట్టేస్తావు. ఈసారి నేను చెప్పేది నువ్వు చివరిదాకా వినాలి. అందుకే కాగితం పట్టుకున్నాను.

నువ్వడిగిన వాటికి ముందు జవాబులు. అమ్మమ్మకు కంటి ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు టీవీలో నిన్ను చూసి, "వీడు జుట్టు ఎప్పుడు కత్తిరించుకుంటాడే?" అని అడుగుతోంది. ఇంతకుముందు నువ్వేదో కనిపించావనే సంతోషంతో సరిపెట్టుకునేది. నాన్న ఫ్యాక్టరీలో ఇంకా కుర్చీలకు మెరుగుపెట్టే పనిలోనే ఉన్నాడు. ఈస్టర్ ముందు మాంసం మానేసే ఉపవాస దినాలు కదా, శుక్రవారం సాయంత్రాలు చర్చి హాల్లో చేపలు వేయించే పెద్ద మూకుడు దగ్గర ఆయనే నిలబడుతున్నాడు. పోయిన వారం వరసలో నిలబడ్డ మన ఊరి నోర్బర్ట్ అందరికీ వినబడేలా అన్నాడట.

"ఏం లియోన్, మీవాడు నెబ్రాస్కాలో ఆడకుండా కూర్చుని బెంచీకి బ్రహ్మాండంగా పాలిష్ పెడుతున్నాడటగా!"

"పెట్టడా మరి? ఫర్నిచర్ పనివాడి కొడుకు. నీ ముక్క మాడింది, ఇదిగో తీసుకో" అన్నాడట నాన్న.

మాడ్చింది కావాలనే. ఇంటికొచ్చాక ఆ సంగతి నాకు రెండుసార్లు చెప్పాడు.

ఇక ఓక్లహోమా మాట. అక్కడి కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకు మారిపోతే వచ్చే సీజన్ మొదటి మ్యాచ్ నుంచే ఆడిస్తామంటున్నారనీ, సోమవారం లోపల ఔననో కాదనో చెప్పాలనీ రాశావు. ఆ కోచ్ మొన్న ఆదివారం మధ్యాహ్నం మనింటికి కూడా ఫోన్ చేశాడు. మనిషి మాట తేనెలో ముంచి తీసినట్టుంది.

"మీ ఏడడుగుల అబ్బాయి మాకు కావాలి మేడమ్" అన్నాడు.

పక్కన కూర్చున్న నాన్న, "అడిగీ అడగకముందే రెండంగుళాలు పెంచేశాడే! ఇంకాసేపు మాట్లాడించు, ఇంటి కప్పుకు తగులుతాడు" అని గొణిగాడు.

నేను ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. "మావాడి పాదాల గురించి మీరేమనుకుంటున్నారు?"

"పాదాలా? పద్దెనిమిదో సైజని విన్నాను మేడమ్. కంగారుపడకండి, బూట్లు మేమే ఇస్తాం."

ఈ మాట విన్నాక నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పొడగరి ఆటగాళ్లను అంచనా వేసే నా పత్రం ఇరవై రెండేళ్లుగా నెలనెలా నూట నలభై మంది కోచ్‌లకు వెళుతోంది. వాళ్లలో ఇతనొకడు. ప్రతి పత్రంలోనూ మొదటి గడి పాదాలదే, అంటే అడుగులు వేసే తీరుదే. ఏం చదువుతున్నాడో మరి!

నీకు చిన్నప్పటి నుంచీ చెబుతున్నదే మళ్లీ చెబుతాను, విసుక్కోకు. పొట్టివాడు పద్దెనిమిదేళ్లకే తయారై వస్తాడు. వాడి ఒళ్లు వాడి మాట వింటుంది. పొడుగువాడి ఒళ్లు నిన్న మొన్న పెరిగింది, దాన్ని ఎక్కడ పెట్టాలో వాడికే ఇంకా తెలియదు. అందుకే వాడికి ఎన్ని పాయింట్లు వచ్చాయో నేను చూడను. బుట్టకు తగిలి వెనక్కి వచ్చిన బంతి కోసం ఎగిరి, కింద పడి, రెండోసారి ఎంత త్వరగా ఎగిరాడో చూస్తాను. బంతి అవతలివాళ్ల చేతికి పోగానే మొదటి మూడు అడుగులు ఎలా వేశాడో చూస్తాను. అలసిపోయాక మోకాళ్లు వంగుతున్నాయా, నడుము వంగుతోందా అని చూస్తాను. మోకాళ్లు వంగితే ఆశ ఉంది. నడుము వంగితే ఇంకో ఏడాది కావాలి. మూడో ఏడాది రాకముందే పొడుగువాడి మీద తీర్పు చెప్పేవాళ్లను నేను నమ్మను.

నీది నడుమే వంగుతోంది, క్లెమ్. పోయినేడాది కంటే తక్కువే, కానీ వంగుతోంది.

ఇప్పుడు నీ ఉత్తరంలో నువ్వు రెండుసార్లు గీత గీసిన ప్రశ్నకు వస్తాను. "నన్ను ప్రాజెక్ట్ అని మొదట ఎవరన్నారో కనుక్కో అమ్మా. ఆ మాట అన్నవాడెవడో తెలియాలి. ఇక్కడి మా కోచ్ ఆంస్లర్‌ని అడిగితే, నేను నమ్మే మనిషే చెప్పారు అంటాడు తప్ప పేరు చెప్పడు." ఈ ఆటల లోకంలో ఆ మాట ఎంత మంటపెడుతుందో నాకు తెలుసు. కట్టడం పూర్తికాని ఇంటిని చూపించినట్టు ఒక పిల్లవాడిని చూపించి, వీడు ఇప్పుడు పనికిరాడు, ఎప్పటికైనా వస్తాడేమో అనడమే అది. ఆ మాట వల్లే మొదటి ఏడాదంతా నిన్ను సాధనకు రానిచ్చి, ఒక్క మ్యాచ్ కూడా ఆడించకుండా కూర్చోబెట్టారు. ఆ ఏడాది క్రిస్మస్‌కు ఇంటికొచ్చి నువ్వు గరాజ్‌లో ఒక్కడివే కూర్చుని ఏడ్చావు. నేను కిటికీలోంచి చూశాను. లోపలికి రాలేదు.

రాకపోవడానికి కారణం ఉంది. ఆ మాట రాసింది నేనే.

నిన్ను తీసుకునే ముందు ఆంస్లర్ నాకు ఫోన్ చేశాడు. "మార్లీన్ గారూ, మీ అబ్బాయే అని తెలుసు. అయినా ఊళ్లో ఎవరి అబ్బాయి గురించైనా రాసినట్టే నాకు రాసిపెట్టగలరా?" అన్నాడు. నాకు పౌరుషం వచ్చింది. రాయలేనని ఎవరనుకుంటారో చూద్దామనుకున్నాను. కూర్చుని రాశాను. పాదాలు: ప్రాజెక్ట్. మొదటి ఏడాది ఆడించవద్దు.

ఆ వాక్యం మీద ఇప్పటికీ నిలబడతాను. కోపం తెచ్చుకో, తిట్టుకో, నీ ఇష్టం. ఆ పాదాలతో నిన్ను అప్పుడే దింపి ఉంటే నాన్నలా ఇరవై రెండేళ్లకే మోకాలు పట్టుకుని కూర్చునేవాడివి. నేను దాచకుండా నీకు ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. అది నా పిరికితనం.

అసలు తప్పు అది కాదు. అసలు తప్పు దాని కింది గడిలో ఉంది, దాని వల్ల నీకేం జరిగిందో నాకే పది రోజుల క్రితం దాకా తెలియదు. తెలిశాక నాకు అన్నం సయించలేదు.

నీ సీజన్ అయిపోయాక, నువ్వు దిగిన పంతొమ్మిది మ్యాచ్‌లూ వరసగా పెట్టుకుని, ఇంకెవరి కొడుకునో చూసినట్టు చూశాను. బుట్ట దగ్గర వీపు ఆనించి నిలబడి చెయ్యెత్తుతున్నావు. బంతి నీకు రావడం లేదు. తోటివాళ్లకు దారి చేయడానికి గోడలా నిలబెడుతున్నారు, అంతే. సీజన్ మొత్తంలో బుట్ట కింద నీకు అందించిన బంతులు పదకొండు. పదకొండూ పట్టావు. ఒకటి చీలమండ దగ్గరికి వచ్చింది, దాన్ని కూడా ఒంటి చేత్తో ఎత్తావు. నేను వెనక్కి తిప్పి నాలుగుసార్లు చూశాను. మా కాలంలో కాలేజీ ఆటలో నాకు అలాంటి చేతులు లేవు.

వెంటనే ఆంస్లర్‌కు ఫోన్ చేశాను. తల్లిగా కాదు, నా పత్రం కోసమే అడుగుతున్నానని చెప్పాను.

"అతనికి బంతి ఎందుకు ఇవ్వరు?"

ఆయన, "అదేంటి మార్లీన్ గారూ, చేతులకి పదికి నాలుగు వేసింది మీరే కదండీ! తల్లే నాలుగంటే నేను అందులో సగమే అనుకున్నాను" అన్నాడు.

పాత ప్రతి తీసి చూశాను. ఆ గడిలో ముందు ఎనిమిది రాసి, కొట్టేసి, నాలుగు చేసిన గుర్తు అలాగే ఉంది. ఎందుకు కొట్టేశానో కూడా గుర్తొచ్చింది. ఎనిమిది వేస్తే తల్లి వేసిన మార్కు అంటారు. నా పేరు పోతుంది. ఇరవై రెండేళ్ల నిక్కచ్చితనం మీద మచ్చ పడుతుంది. నా పేరు కాపాడుకోవడానికి నీ చేతుల్లోంచి నాలుగు మార్కులు తీసేశాను, క్లెమ్. దానికి నువ్వు రెండేళ్లుగా చెయ్యెత్తి నిలబడుతున్నావు.

ఈ విషయంలో నన్ను క్షమించమని అడుగుతున్నాను. పాదాల విషయంలో అడగడం లేదు, చేతుల విషయంలో అడుగుతున్నాను.

ఏడుస్తూ కూర్చునే రకం కాను కాబట్టి చేయాల్సింది చేశాను. ఏప్రిల్ పత్రం నిన్ననే అందరికీ పంపాను. మొదటి పేజీలో, పెద్ద అక్షరాల్లో, ఇరవై రెండేళ్లలో మొదటి సవరణ. "క్లెమెంట్ వెర్‌క్యాంప్ చేతులకు నేను వేసిన నాలుగు అబద్ధం. ఎనిమిది అని తెలిసే నాలుగు వేశాను. అతను నా కొడుకు కావడమే కారణం." నాన్న చదివి, "ఇలా రాస్తే సగం మంది నీ పత్రం మానేస్తారు, మార్లీన్" అన్నాడు. "మానేస్తే మానేయనీ" అన్నాను. ఇప్పటికి ముగ్గురు మానేశారు. ఆంస్లర్ మానలేదు. నిన్ను గురువారం తన గదికి పిలుస్తానన్నాడు. వెళ్లు. బంతి ఇస్తారా లేదా అని మొహమ్మీదే అడుగు. తల వంచుకుని నేల చూస్తూ కాదు.

నా అభిప్రాయం కావాలంటే అక్కడే ఉండు. ఓక్లహోమా ఆయన నీ పొడుగు చూస్తున్నాడు. జనవరి వచ్చేసరికి నీ పాదాలు చూసి కంగారుపడి బెంచీ మీద పడేస్తాడు. ఆంస్లర్ నా అబద్ధాన్ని నమ్మి తప్పు చేశాడు తప్ప, నీ పాదాల మీద రెండేళ్లు పనిచేయించింది కూడా ఆయనే. కానీ నా మాట మీద ఇప్పటికే చాలా నడిచిపోయింది. సోమవారం నాడు నువ్వు ఏది చెబితే అదే. నేను రెండో మాట అనను, నాన్న చేత అనిపించను.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. అంచనాలు రాసేవాళ్లు గ్యాలరీలో చప్పట్లు కొట్టకూడదు. మాలో అదొక కట్టుబాటు. నేను దాన్ని నీ ఆటల్లో కూడా పాటించాను. ఆరో తరగతిలో నువ్వు మొట్టమొదటిసారి బంతిని బుట్టలో వేసి నా వైపు తిరిగి చూసినప్పుడు నా చేతిలో పెన్సిల్ ఉంది. తల ఊపాను. అంతే. ఏప్రిల్ పత్రంలో రాసినవే నీ గురించి నేను రాసిన ఆఖరి మాటలు. ఇకముందు నిన్ను అంచనా వేసే పని వేరేవాళ్లు చూసుకుంటారు. నవంబరులో నువ్వు నెబ్రాస్కాలో దిగినా, ఓక్లహోమాలో దిగినా, ఉత్త చేతులతో వచ్చి కూర్చుంటాను. నువ్వు బంతి పట్టినా చప్పట్లు కొడతాను, జారవిడిచినా కొడతాను.

ఇట్లు,
ఇకమీదట వట్టి అమ్మ,
మార్లీన్